ఊరు తరలిన వేసవి

ఆ వేసవిలో నడిచినంత నడక నేను మళ్ళీ జన్మలో నడవలేదు. పొద్దున మూడు కిలోమీటర్లు, సాయంత్రం మూడు కిలోమీటర్లు, మధ్యలో పొలం పని. పాత ఊరికీ కొత్త ఊరికీ నడుమ దారి ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ ఇసుక కాలు లాగేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అప్పటికి నా పెళ్ళై నాలుగేళ్ళు. ఒక ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని ఆ వేసవికి రెండిళ్ళ కోడలినయ్యాను. అత్తయ్య ఒక ఊళ్ళో, మామయ్య ఇంకో ఊళ్ళో.

దీనంతటికీ కారణం రైలు.

పాత ఊరు పెట్టింది మామయ్యే. నేను కాపురానికి రావడానికి పదిహేనేళ్ళ ముందు, పదకొండు కుటుంబాల్ని వెంటబెట్టుకుని, ముళ్ళకంప తప్ప మరేమీ లేని ఆ బీడు మీదికి వచ్చారట. కంప కొట్టారు. నలభై రోజులు బావి తవ్వారు. బండి పగ్గాలన్నీ కలిపి ముడేసి, ఆ తాడు పట్టుకుని వీధులు గీశారు. అందుకే ఆ వీధులు అంత తిన్నగా ఉండేవి. మొదటి ఏడు జొన్న కూడా సరిగ్గా పండలేదు. రెండో ఏడు పండింది. పండిందని విని ఇంకో ఇరవై కుటుంబాలు వచ్చాయి. వాళ్ళ వెనక కమ్మరి వచ్చాడు, దర్జీ వచ్చాడు, కొట్టు పెట్టుకోవడానికి ఒకాయన వచ్చాడు, పిల్లలకి చదువు చెప్పడానికి ఒక పంతులమ్మ వచ్చింది. నేను వచ్చేనాటికి నూట నలభై గడప. 'పెద్దాయన ఇల్లు' అంటే ఆడుకునే పిల్లలు కూడా ఆట ఆపకుండానే చేత్తో చూపించేవాళ్ళు.

రైలు మార్గం ఆ వైపు వస్తుందని తెలిసినప్పుడు మామయ్య రెండుసార్లు అర్జీ పట్టుకుని వెళ్ళారు. ఆఫీసులో ఎవరో తల ఊపారు. ఆ తల ఊపడాన్ని మామయ్య మాట ఇవ్వడం అనుకున్నారు. వచ్చి బావి గట్టు మీద నిలబడి, "మన ఊరి మీంచే వస్తుంది" అని అందరికీ చెప్పారు. అది వచ్చింది, కానీ మూడు కిలోమీటర్లు పక్కనుంచి. కాగితం మీద గీత గీసేవాడికి మూడు కిలోమీటర్లంటే వేలి వెడల్పు. ఆ గీత పక్కన స్టేషన్ లేచింది, స్టేషన్ పక్కన గోదాం లేచింది. పంట కొనేవాళ్ళు తమ కాటాలు తీసుకెళ్ళి గోదాం ముందు పెట్టుకున్నారు.

పత్తి ఏరడం అయిపోయిన వారానికి కొట్టాయన మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఎండల గురించే మాట్లాడాడు.

"ఈసారి ముందే మొదలయ్యాయి పెద్దాయనా."

"ఊఁ."

"సరుకేమో స్టేషన్లో దిగుతోంది. అక్కణ్ణించి ఇక్కడికి మోసుకురావాలి. ఇక్కడివాళ్ళేమో గింజలమ్ముకోవడానికి అక్కడికే పోయి, కావలసినవన్నీ అక్కడే కొనుక్కొస్తున్నారు..."

"చెప్పదలుచుకున్నది చెప్పు."

"వెళ్దామనుకుంటున్నాను."

"వెళ్ళు. దానికి నన్నడగడం దేనికి?"

"మీరు పిలిస్తే వచ్చినవాణ్ణి. మీకు చెప్పకుండా ఎలా పోతాను?"

మామయ్య లోపలికి తిరిగి, "అమ్మాయ్, ఆయనకి మంచినీళ్ళివ్వు" అన్నారు. కొట్టాయన గ్లాసెడు నీళ్ళూ చుక్క మిగలకుండా తాగి, గ్లాసు నా చేతికివ్వకుండా కాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు.

కొట్టు విప్పింది మా ఆయన. ఆయన వడ్రంగి. మా ఊళ్ళో ఇళ్ళు మట్టి గోడలవి, పైన కలప, దాని మీద రేకు. గోడలు వదిలేసినా కలపా రేకూ తలుపులూ ఎవరూ వదులుకోరు. వాటిని విరగకుండా విప్పి, బండికెత్తించి, అక్కడ మళ్ళీ నిలబెట్టాలి. విప్పడం కట్టడం కంటే కష్టమని నాకు అప్పుడే తెలిసింది. ప్రతి దూలానికీ వాసానికీ సుద్దముక్కతో నెంబరు వేసుకునేవారు. కొట్టు తర్వాత దర్జీ ఇల్లు, దర్జీ తర్వాత ఆయన పక్కింటివాళ్ళు. సాయంత్రానికి ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్మే. స్నానం చేసినా ఆయన ఒంట్లోంచి పాత గోడల వాసన పోయేది కాదు.

"తండ్రి కట్టాడు, కొడుకు విప్పుతున్నాడు" అని వీధిలో ఎవరో నవ్వుతూనే అన్నారు. అది మామయ్య చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆయన, కొడుకు ఇంట్లో ఉన్నంతసేపూ పెరట్లో ఉండేవారు. పెరట్లో ఆయనకి చేసే పనేమీ లేదు.

ముప్ఫై ఇళ్ళు వెళ్ళిపోయాక, ఒకరోజు పొద్దున రొట్టెలు తింటూ మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"నాన్నా, అక్కడ స్థలాలు గీస్తున్నారు. ముందు వెళ్ళినవాళ్ళకి ముందు వరసలు. మన వంతు కూడా ఒకటి చూసుకుంటే..."

"నా వంతు నేను పందొమ్మిదేళ్ళ కిందటే చూసుకున్నాను."

"అది కాదు నాన్నా..."

"ఇంకేం లేదు."

అత్తయ్య పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పుతోంది. తలెత్తకుండానే, "నేను వెళ్తున్నాను" అంది.

మామయ్య నవ్వబోయి ఆగారు. "ఎక్కడికి?"

"అబ్బాయితో. స్టేషన్ దగ్గరికి."

"ఎవర్నడిగి?"

"అప్పుడు వచ్చేటప్పుడు మీరు నన్నడిగారా? బండి కట్టారు, ఎక్కమన్నారు, ఎక్కాను. బావి పడేదాకా ఏటి నుంచి నీళ్ళు మోశాను, రోజుకి రెండుసార్లు. అప్పుడు పోయిన నడుం ఇవాళ్టిదాకా తిరిగిరాలేదు. ఒకసారి ఊరు కట్టాను. ఇప్పుడు ఇంకోటి కడుతున్నారట. ఈసారైనా ముందే వెళ్ళి నీడ పట్టున ఇంత చోటు చూసుకుంటాను."

'కట్టాను' అంది. 'కట్టారు' అనలేదు, 'కట్టాం' అని కూడా అనలేదు. మామయ్య ఆ మాట విన్నారని, సరిగ్గానే విన్నారని ఆయన మొహం చూస్తే తెలిసింది. చేతిలో రొట్టెముక్క కంచంలో పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయారు.

"మరి మామయ్యకి అన్నం ఎవరు పెడతారు?" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు.

అలా మొదలైంది నా నడక. స్థలం ఇంటి పెద్ద వస్తేనే రాస్తారట, అందుకని అప్పటికి స్టేషన్ దగ్గర మా ఆయన రేకులతో రెండు గదులు వేశారు. తెల్లారకముందే లేచి అత్తయ్య వండేది. డబ్బా పట్టుకుని నేను పాత ఊరు వెళ్ళి, మామయ్యకి పెట్టి, ఆయనతో పాటు పొలానికి వెళ్ళేదాన్ని. పత్తి కట్టె పీకాలి. ఎండిన చెట్టు భూమిని పట్టుకున్నంత గట్టిగా పచ్చని చెట్టు కూడా పట్టుకోదు. అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, వాటి మీద మళ్ళీ లేచేవి. పొద్దు వాలాక ఖాళీ డబ్బా, ఒక కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని తిరిగి స్టేషన్ దారి.

డబ్బాతో పాటు మాటలు కూడా మోయాల్సి వచ్చేది.

"కూరలో ఉప్పెక్కువైందని మీ అత్తయ్యకి చెప్పు."

వచ్చి చెప్పేదాన్ని.

"ఎక్కువవడమేంటి? మేమూ అదే తిన్నాం. ఇక్కడ సరిపోయిన ఉప్పు అక్కడికెళ్ళేసరికి ఎక్కువవుతుందా? అంత ఇబ్బందైతే వచ్చి ఇక్కడ తినమను."

వెళ్ళి చెప్పేదాన్ని.

"ఉప్పు తినడానికి నేను ఊరు మారాలా?"

అన్ని మాటలూ చేరవేసేదాన్ని కాదు. ఇసుక ఎక్కువున్న చోట కొన్నింటిని వదిలేసేదాన్ని. ఒకసారి నా సొంతం ఒకటి కలిపాను. "మీ నడుం ఎలా ఉందో కనుక్కోమన్నారు మామయ్య" అన్నాను అత్తయ్యతో. ఆవిడ గిన్నె తోముతున్న చెయ్యి ఆపి, "అబద్ధాలు నేర్చుకుంటున్నావు" అంది. మర్నాడు మాత్రం డబ్బా మూత పట్టనంత నింపింది.

రోజులు గడిచేకొద్దీ దారి ఒకటే గానీ, దారి చివర ఊరు తగ్గిపోతూ వచ్చింది. నిన్న ఉన్న రేకు ఇవాళ ఉండేది కాదు. పైకప్పులు లేని గోడలు, వాటి లోపల ఎండ. ఎవరి వంటిల్లు ఎక్కడో, ఎవరు ఏ మూల దేవుణ్ణి పెట్టుకున్నారో, ఎవరి గోడ మీద పిల్లల పొడుగు కొలిచిన గీతలున్నాయో దారిన పోతూ అన్నీ కనబడేవి. మనుషులు లేకపోయినా నాకు తల తిప్పుకోవాలనిపించేది. పంతులమ్మ బడి నల్లబల్లని ఇద్దరు పెద్దపిల్లల చేత మోయించుకుని పోయింది. ఆ బల్ల మీద ముందు రోజు చెప్పిన ఎక్కం అలాగే ఉంది.

మామయ్య ఆ వీధులు ఊడ్చేవారు. నిజంగానే, చీపురు పట్టుకుని. వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన చెత్త, విరిగిన రేకుముక్కలు, చిరిగిన చాపలు ఒక పక్కకి చేర్చేవారు. "ఎవరికోసం మామయ్యా?" అని అడగబోయి మానేసేదాన్ని. నాకు అడిగే ఓపిక కూడా ఉండేది కాదు.

చివరికి కమ్మరి ఒక్కడే మిగిలాడు. వేసవి నడి మధ్యకొచ్చాక అతనూ బండి తెచ్చుకున్నాడు. సామానంతా ఎక్కింది గానీ దాగలి ఎక్కలేదు. ఇనుము పెట్టి కొట్టే ఆ దిమ్మ ఎత్తడానికి నలుగురు మగవాళ్ళు కావాలి. ఊళ్ళో ఉన్నదే ఇద్దరు. కమ్మరి మా గుమ్మం ముందుకొచ్చి, చెప్పలేక, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మామయ్య కండువా నడుముకి బిగించుకుని లేచారు. వాళ్ళిద్దరూ, కమ్మరి భార్య, నేను నాలుగు వైపులా పట్టుకుని, మధ్యలో రెండుసార్లు దింపి, ఎలాగో బండి మీదికి చేర్చాం. మామయ్య మెడ నరాలు ఉబ్బిపోయాయి.

ఆయాసం తీరాక, "వాగు ఇసుకలో తిన్నగా పోకు. చక్రం దిగబడుతుంది. ఎడమ పక్క గట్టి నేలుంది" అన్నారు కమ్మరితో.

కమ్మరి వంగి ఆయన కాళ్ళు తాకబోయాడు. "ఛ, లే! బండి నిండా బరువుంది, ఎద్దులు నిలబడలేవు" అని కసిరారు.

మర్నాటి నుంచి అక్కడ సుత్తి చప్పుడు లేదు. ఎంత నిశ్శబ్దమంటే, మామయ్య రొట్టె నమలడం నాకు వినిపించేది. "బావిలో నీళ్ళు తేటబడ్డాయి చూశావా?" అన్నారొకరోజు. "తోడేవాళ్ళు లేక" అని ఆయనే అన్నారు.

అది జరిగి పది రోజులై ఉంటుంది. ఆ రోజు ఎండ మామూలుగా లేదు. కట్టె పీకడం మధ్యాహ్నానికే ఆపేసి, కాస్త చల్లబడ్డాక మోపు ఎత్తుకుని బయల్దేరాను. ఇసుక దాటాను. ఇసుక తర్వాత మలుపు, మలుపు తర్వాత స్టేషన్ కనబడుతుంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుదామని మోపు దింపి కూర్చున్నాను.

తర్వాత లేవలేదు.

రోగమేమీ కాదు. నెల తప్పడమూ కాదు. అది చెబుతున్నాను ఎందుకంటే, తర్వాత విన్నవాళ్ళందరూ మొదట అడిగింది అదే. ఊరికే, లేవాలనిపించలేదు. లేస్తే నడవాలి, నడిస్తే రేపు మళ్ళీ ఇటే రావాలి. ఏడుపు కూడా రాలేదు. చీమలు నా పాదం మీదుగా దారి చేసుకుంటే చూస్తూ కూర్చున్నాను. వాటికి అడ్డం తియ్యడానికి కాలైనా జరపలేదు.

ఎంతసేపయిందో. అడుగుల చప్పుడు విని తల తిప్పితే మామయ్య. చేతిలో చెంబు. అంత దూరం విసవిసా నడిచినట్టున్నారు, మాట తడబడుతోంది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు మామయ్యా."

"ముల్లు దిగిందా?"

"లేదు."

"కళ్ళు తిరిగాయా?"

"లేదు."

"మరి?"

"లేవలేకపోతున్నాను."

చెంబు ఇచ్చారు. తాగాను. "మీకెలా తెలిసింది?" అన్నాను.

"ఇప్పుడు అడ్డం ఏముంది, ఇళ్ళా వాకిళ్ళా? అరుగు మీద కూర్చుంటే దారంతా కనబడుతుంది. రోజూ ఈ మలుపు తిరిగేదాకా కనబడతావు. ఇవాళ తిరగలేదు."

అంటే రోజూ చూస్తున్నారన్నమాట. రెండు నెలలుగా, నేను చుక్కంతయ్యేదాకా. నేనొక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

మామయ్య నా పక్కన, కాస్త దూరంగా నేల మీదే కూర్చున్నారు.

"మీ అత్తయ్య కూడా ఒకసారి ఇలాగే కూర్చుండిపోయింది" అన్నారు. "వచ్చిన కొత్తల్లో. ఏటి దారిలో, బిందె పక్కన పెట్టుకుని."

"మీరేం చేశారు?"

"కోప్పడ్డాను."

స్టేషన్లో రైలు కూసింది. ఆగే రైలు కాదు, అలాగే వెళ్ళిపోయింది. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి ఆయన అడిగారు:

"ఇక్కణ్ణించి ఏది దగ్గర?"

"స్టేషనే మామయ్యా."

"అయితే అటే పద."

కట్టెల మోపు ఎత్తి తన నెత్తిన పెట్టుకున్నారు. నేను వద్దంటున్నా వినలేదు. చెంబు నా చేతికిచ్చారు. ఆ మిగిలిన దారి ఆయన ముందు, నేను వెనక నడిచాం.

అత్తయ్య రేకుల గది ముందు నిలబడి ఉంది. మోపు మామయ్య నెత్తిన, చెంబు నా చేతిలో చూసింది. ఆవిడ దెప్పుతుందేమోనని నాకు భయం. వంద మాటలు దాచిపెట్టుకుని ఉంటుంది, నాకు తెలుసు. సగం నేనే మోశాను.

"కాళ్ళు కడుక్కోండి" అంది, అంతే.

అన్నం తింటుంటే మా ఆయన వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయి, తండ్రిని చూసి, నన్ను చూసి, ఏమీ అడగకుండా వచ్చి పక్కన కూర్చున్నారు. అత్తయ్య ఇంకో కంచం పెట్టింది. తింటున్నంతసేపూ వాళ్ళిద్దరూ గోదాం రేకుల గురించి మాట్లాడుకున్నారు.

మా ఇల్లు తండ్రీకొడుకులిద్దరే విప్పారు. మూడు రోజులు పట్టింది. మా ఆయన సుద్దముక్క తీస్తే, "ఎందుకది? ఏ వాసం ఎక్కడిదో నాకు తెలీదా?" అన్నారు మామయ్య. మా ఆయన సరేనని జేబులో పెట్టుకున్నారు. మామయ్య అటు తిరగ్గానే తీసి, ఒక్కోదాని అడుగున చిన్నగా వేసుకుంటూ పోయారు. మామయ్య చూశారు. చూడనట్టే ఉండిపోయారు.

కలప బండికెత్తాక నలుగురం స్థలం రాయించుకోవడానికి వెళ్ళాం. స్టేషన్ పక్కన రేకుల పందిరి కింద బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చున్నాడు. కుర్రవాడు, రైల్లో ఎక్కణ్ణించో కొత్తగా దిగినవాడు, పాపం ఎండకి మొహమంతా కందిపోయింది. అతని తప్పేమీ లేదు. అతనికి ఇక్కడ ఎవరూ తెలీదు.

"ఇంటి పెద్ద ఎవరు?"

"నేనే" అన్నారు మామయ్య.

"ఏం చేస్తుంటారు?"

"వ్యవసాయం. అబ్బాయి వడ్రంగి."

"ఈ ఊరికి ఎప్పుడొచ్చారు?"

మా ఆయన నోరు తెరిచారు. అంతలో మామయ్యే, "మొన్న మంగళవారం" అన్నారు.

గుమాస్తా రాసుకున్నాడు. "అంతకుముందు ఏ ఊరు?"

మామయ్య ఆలోచించారు. అంత ఆలోచించాల్సిన ప్రశ్న కాదని గుమాస్తా కలం పట్టుకుని చూస్తున్నాడు.

"ఇక్కడికి దగ్గరే" అన్నారు.

"ఆలస్యంగా వచ్చారండీ. ముందు వరసలన్నీ అయిపోయాయి. చివరి వరసలో, గోదాం వెనక ఒకటుంది. కాస్త దూరం. ఫర్వాలేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయనెవరో తెలుసా అని అడిగేసేదాన్నే. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు.

"ఫర్వాలేదు" అన్నారు మామయ్య.

బయటికొచ్చాక అత్తయ్య, "ముందు వచ్చి చూశాం కదా, అదెలా ఉంటుందో తెలుసు. వెనక రావడం ఎలా ఉంటుందో చూద్దాం" అంది. మామయ్య ఆవిడ వైపు చూశారు. ఆ వేసవి మొత్తంలో ఆయన నవ్వు నేను చూసింది అప్పుడే. ఎక్కువసేపేం లేదు.

ఆ చివరి వరస వెనక ఇప్పుడు ఇంకో పదహారు వరసలున్నాయి. రెండు మిల్లులు, ఆసుపత్రి, పెద్దబడి, బస్సులాగే చోటు అన్నీ మా ఇంటికి అవతలే వచ్చాయి. మా గుమ్మం ముందు రోడ్డు దాటాలంటే అటూ ఇటూ చూసుకుని దాటాలి. ఆ రోజు మాత్రం మా స్థలం వెనక ఏమీ లేదు. బీడు, దాని మీద ఎండ.

మా ఆయన బండి నిలిపి ఎద్దుల్ని విప్పారు. అత్తయ్య మూడు రాళ్ళు పేర్చి పొయ్యి చేస్తోంది. మామయ్య స్థలం ఈ కొస నుంచి ఆ కొసకి ఒకసారి నడిచొచ్చారు. ఏదైనా చెబుతారేమో, వాకిలి ఇటు పెట్టమనో, గోడ అక్కడ లేపమనో అని మా ఆయన పార పట్టుకుని ఎదురుచూశారు.

"నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో" అన్నారు మామయ్య. బండి కింద నీడలోకి వంగి దూరి, కండువా మడిచి తల కింద పెట్టుకుని పడుకున్నారు. పగలు పడుకోవడం ఆయనకి అలవాటు లేదు. నేను వచ్చిన నాలుగేళ్ళలో ఎన్నడూ చూడలేదు. కాసేపటికే గురక వినిపించింది.

సామాను దించాలంటే ఆయన్ని లేపాలి. మా ఆయన అత్తయ్య వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేనూ వెళ్ళి బండికి అటువైపు నీడలో చేరగిలబడ్డాను. కాళ్ళు చాపుకున్నాను. ఆ పూట నాతో ఎవరూ ఏ మాటా ఎక్కడికీ పంపలేదు.